జింకల కోసం గొడ్డలి పట్టిన మనిషి

జింక అనగానే మనకు సీతమ్మ ముచ్చటపడిన బంగారు లేడి గుర్తొస్తుంది. అత్తవారింటికి బయల్దేరిన శకుంతల చీర చెంగు పట్టి లాగిన లేడిపిల్ల గుర్తొస్తుంది. ఆ పెద్ద పెద్ద కళ్లు, బెదురు చూపులు, సన్నటి కాళ్లు... చూసి ముచ్చటపడని వాళ్లెవరు?

మరి జింకలంటే ప్రాణం పెట్టే మనిషి వాటి కోసం ఏం చెయ్యాలి? గడ్డి వెయ్యాలి, నీళ్లు పెట్టాలి, వేటగాడి కంట పడకుండా కాపాడాలి, అడవిలో ఒక్క చెట్టు కూడా కొట్టనివ్వకూడదు. అంతే కదా అంటాం. అమెరికాలో ఒక పెద్దమనిషి మాత్రం ఇంకోలా చెప్పారు. జింక బాగుండాలంటే ముందు అది మేసే అడవి బాగుండాలన్నారు. అందుకోసం కొన్నిచోట్ల చెట్లు నరకాలి, కొన్నిచోట్ల నాటాలి, జింకలు మితిమీరితే వాటి సంఖ్య కూడా తగ్గించాలన్నారు. ఆ మాట అన్నందుకు సొంత రాష్ట్రంలోనే తిట్లు తిన్నారు. ఆయన పోయి 75 ఏళ్లు దాటింది. అడవులు, వన్యప్రాణుల గురించి చదువుకునే వాళ్లు ఈనాటికీ ఆయన పేరుతోనే పాఠం మొదలుపెడతారు.

ఆయన పేరు ఆల్డో లియోపోల్డ్.

బల్లలు చేసే ఇంట్లో పుట్టి...

1887 జనవరి 11న అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్ అనే ఊళ్లో ఆల్డో పుట్టారు. మిసిసిపీ నది ఒడ్డున, గట్టు మీద ఇల్లు. తండ్రి కార్ల్‌కు రాతబల్లలు తయారుచేసే కంపెనీ ఉండేది. మంచి అక్రోట్ కలపతో చేసిన బల్లలవి. అంటే ఆ ఇంట్లో అన్నం ఉడికేది చెట్టు పుణ్యాన్నే! తల్లి క్లారా. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం కాబట్టి ఇంట్లో జర్మన్ మాట్లాడుకునేవారు. నలుగురు పిల్లల్లో ఆల్డో పెద్దవాడు.

తండ్రికి వేట సరదా. తెల్లవారకముందే కొడుకును లేపి, నది పక్క బురద నేలల్లోకి బాతుల వేటకు తీసుకెళ్లేవాడు. కానీ ఆయనకో నియమం ఉండేది. ఇన్ని పక్షులే కొట్టాలని చట్టం చెప్పని రోజుల్లోనే తనకు తాను ఒక హద్దు గీసుకున్నాడు. పక్షులు గుడ్లు పెట్టే వసంతకాలంలో తుపాకి పక్కన పెట్టేసేవాడు. ఎవరూ చూడని చోట కూడా ధర్మం తప్పకూడదన్న పాఠం ఆల్డోకు తండ్రి వెంట నడిచిన ఆ తెల్లవారుజాముల్లోనే ఒంటబట్టింది.

చదువుకోసం దూరంగా న్యూజెర్సీలోని స్కూలుకు పంపినప్పుడు ఆ కుర్రాడు అమ్మకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాడు. ఏ పిట్ట కనిపించింది, ఏ పువ్వు పూసింది, ఏ వాగు పక్కన ఎంత దూరం నడిచాడు... అన్నీ అమ్మకు చెప్పాల్సిందే. చూసినదాన్ని పూసగుచ్చినట్టు రాసే అలవాటు అక్కడ మొదలైంది. ఆ అలవాటే ఆయన్ను చివరికి రచయితను చేసింది.

ఆ తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో అటవీశాస్త్రం చదివారు. 1909లో పట్టా చేతికి రాగానే అమెరికా అటవీశాఖలో ఉద్యోగం వచ్చింది. ఎక్కడో నైరుతి మూల అరిజోనాలోని అపాచీ అడవుల్లో పోస్టింగు. గుర్రమెక్కి చెట్లు లెక్కపెట్టడం, ఎక్కడ ఎంత కలప ఉందో పటాలు గీయడం ఆయన పని. అప్పటికి వయసు 22.

ఆరిపోయిన చూపు

ఆ రోజుల్లో అందరి నమ్మకం ఒకటే. తోడేలు జింకను తింటుంది. కాబట్టి తోడేళ్లు ఎంత తగ్గితే జింకలు అంత పెరుగుతాయి. తోడేళ్లు అసలే లేకపోతే ఇక జింకల రాజ్యమే! కుర్ర ఆల్డో కూడా అలాగే నమ్మారు. ఒకరోజు కొండ అంచున కూర్చుని తోటి ఉద్యోగులతో కలిసి మధ్యాహ్న భోజనం చేస్తుంటే కింద వాగు దాటుతూ ఒక తల్లి తోడేలు కనిపించింది. ఎదిగిన పిల్లలు దాని చుట్టూ చేరాయి. వెంటనే తుపాకులు పేలాయి. దగ్గరికి వెళ్లేసరికి ఆ ముసలి తోడేలు ఇంకా కొన ఊపిరితో ఉంది. దాని కళ్లలో వెలుగు ఆరిపోవడం ఆయన కళ్లారా చూశారు.

అప్పటికప్పుడు ఆయన మనసు మారిపోలేదు. అది సినిమాల్లో జరుగుతుంది. నిజానికి ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఆయన తోడేళ్లను, కొండ పులులను ఏరిపారేయాలనే ప్రచారం చేశారు. అందుకోసం న్యూమెక్సికోలో వేటగాళ్లను కూడగట్టి సంఘాలు పెట్టారు, చిన్న పత్రిక నడిపారు. ఆ చూపు మాత్రం లోపలెక్కడో ఉండిపోయింది. దాన్ని కాగితం మీద పెట్టింది 1944లో. అంటే 35 ఏళ్ల తర్వాత! మనిషి తన తప్పు తాను తెలుసుకోవడానికి ఒక్కోసారి అంత కాలం పడుతుంది.

ఆ కళ్లు తెరిపించిన వాటిలో కైబాబ్ పీఠభూమి కథ ఒకటి. గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు ఒడ్డున ఉన్న అడవి అది. 1906లో దాన్ని జింకల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. వేట ఆపేశారు. ప్రభుత్వమే మనుషుల్ని పెట్టి కొండ పులులను, తోడేళ్లను చంపించింది. జింకలు పెరిగాయి... పెరిగాయి... అందినంత మేర చెట్ల చిగుళ్లన్నీ నాకేశాయి. 1924 ప్రాంతపు చలికాలాల్లో వేలకొద్దీ జింకలు ఆకలితో చచ్చిపోయాయి. అప్పట్లో చెప్పిన లెక్కలు ఎంతవరకు సరైనవని ఆ తర్వాత శాస్త్రవేత్తలు వాదించుకున్నారు. కానీ ఆ ఏళ్లలో మొలవాల్సిన లేత ఆస్పెన్ చెట్లు అక్కడ దాదాపు కనిపించవని చెట్ల వయసు లెక్కగట్టిన వాళ్లు తేల్చారు. మొత్తానికి ఎవరూ చంపని చోట కూడా జింక చచ్చిపోగలదని తేలింది.

ఎస్టెల్లా చెయ్యి పట్టుకుని...

ఈ కథలో ఎస్టెల్లా గురించి చెప్పకపోతే సగం చెప్పనట్టే. శాంటాఫేలో పేరున్న స్పానిష్ మూలాల కుటుంబం ఆమెది. గొర్రెల మందల మీద సంపాదించిన పెద్ద ఇల్లు. ఇంటినిండా అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు. ఆల్డో అడవిలో కూర్చుని ఆమెకు ఉత్తరాలు రాసి రాసి మనసు గెలుచుకున్నారు. 1912 అక్టోబరు 9న శాంటాఫేలో పెళ్లయింది.

పెళ్లయి ఏడాది తిరక్కముందే పెద్ద గండం వచ్చింది. 1913 ఏప్రిల్‌లో గొర్రెల కాపరుల తగవు తీర్చడానికి ఆల్డో మారుమూల అడవికి వెళ్లారు. వానలో, వడగళ్లలో చిక్కుకుని తడిసిన పక్క మీదే నిద్రపోయారు. ఒళ్లంతా వాచిపోయింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చావు అంచుదాకా వెళ్లి వచ్చారు. ఎస్టెల్లా అప్పుడు గర్భిణి. భర్తను మంచం మీద పెట్టుకుని, పెద్ద కొడుకు స్టార్కర్‌ను కన్నది ఆ ఏడాదే. ఏడాదికి పైగా ఆయన ఉద్యోగానికి వెళ్లలేకపోయారు. ఆ తర్వాత లూనా, నీనా, కార్ల్, అందరికన్నా చిన్నది చిన్న ఎస్టెల్లా... మొత్తం ఐదుగురు పిల్లలు.

ఇక్కడ మరో ముచ్చట చెప్పుకోవాలి. ఆల్డోకు విల్లంబుల పిచ్చి. తన విల్లు తనే చెక్కుకునేవారు. ఆయన నేర్పిన విద్యలో ఎస్టెల్లా ఆయన్నే మించిపోయారు. విస్కాన్సిన్ రాష్ట్ర మహిళల విలువిద్యలో చాంపియన్ అయ్యారు. ఐదుగురు పిల్లల తల్లి విల్లెక్కుపెట్టి పోటీల్లో గెలుస్తుంటే చూడటానికి ఎంత బాగుండి ఉంటుందో కదా!

గొడ్డలి, నాగలి, ఆవు, నిప్పు, తుపాకి

1924లో కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌కు మారింది. అక్కడి కలప పరిశోధనశాలలో ఆల్డో నాలుగేళ్లు పనిచేశారు. కొట్టిన చెట్టును ఎలా వాడుకోవాలన్నది అక్కడి పని. ఆయన మనసు మాత్రం నిలబడి ఉన్న చెట్టు మీద, దాని కింద తిరిగే ప్రాణుల మీద ఉండేది. 1928లో ఆ ఉద్యోగం వదిలేసి, ఉత్తర మధ్య రాష్ట్రాలన్నీ తిరిగి వన్యప్రాణులు ఏ స్థితిలో ఉన్నాయో సర్వే చేశారు. 1933లో ‘గేమ్ మేనేజ్‌మెంట్’ అనే పాఠ్యగ్రంథం రాశారు. అదే ఏడాది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆయన్ను ఆ విషయానికే ప్రొఫెసరుగా తీసుకుంది. దేశం మొత్తానికి అలాంటి పదవి అదే మొదటిది.

ఆ పుస్తకంలో ఆయన చెప్పిన సంగతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. అడవిని పాడుచేసిన పనిముట్లు ఏవి? గొడ్డలి, నాగలి, ఆవు, నిప్పు, తుపాకి. తెలివిగా వాడితే అదే అడవిని, అందులోని జంతువుల్ని తిరిగి నిలబెట్టేవి కూడా అవే. కత్తిపీట వేలు కోస్తుంది కదా అని వంటింట్లోంచి తీసి పారేయం కదా!

ఇంకో సంగతి కూడా ఆయన పట్టుకున్నారు. ప్రభుత్వ అడవులు ఎన్ని ఉన్నా చాలవు. విస్కాన్సిన్ వంటి రాష్ట్రంలో ఎక్కువ నేల రైతులది. ప్రతి రైతుకూ పొలం చివర నాలుగెకరాలో, నలభై ఎకరాలో సొంత తోపు ఉంటుంది. పొయ్యిలోకి కట్టెలు, కొట్టానికి దూలాలు, అవసరానికి అమ్ముకోవడానికి కలప అందులోంచే. జింక బతకాల్సింది కూడా అక్కడే. కాబట్టి ఆ రైతు గొడ్డలి ఎక్కడ వేస్తాడు, ఎక్కడ వెయ్యడు అన్నదాని మీదే జింక బతుకు ఆధారపడి ఉంటుంది. 1931లోనే మాడిసన్ దగ్గర రైలీ అనే ఊరి రైతుల్ని, పట్నంలోని కొందరు వేట మిత్రుల్ని కలిపి ఒక సహకార సంఘం పెట్టారు ఆయన. రైతులు పక్షులకు పొదలు, చెట్లు కాపాడాలి. వేటకొచ్చేవాళ్లు అందుకు సాయపడాలి. అదీ ఒప్పందం.

ఏది కొట్టాలి? ఏది ఉంచాలి?

ఇంతకీ చెట్లు నరికితే జింకకు మేలెలా జరుగుతుంది? కాస్త వివరంగా చూద్దాం.

అమెరికా తూర్పు భాగంలో తిరిగేది తెల్లతోక జింక. మన చుక్కల దుప్పికన్నా సాధారణంగా కొంచెం బరువైనది. మంచు కురిసే చలికాలంలో దానికి పచ్చగడ్డి దొరకదు. చెట్ల లేత కొమ్మలు, మొగ్గలే తిండి. రోజుకు రెండు మూడు కిలోలు కావాలి. మెడ చాచినా ఐదారు అడుగుల ఎత్తుకు మించి అందదు. ఇప్పుడు పెద్ద పెద్ద చెట్లతో దట్టంగా కమ్ముకున్న అడవిని ఊహించుకోండి. చూడటానికి కన్నుల పండుగే. కానీ పైన ఆకుల కప్పు మూసుకుపోయి కింద నేలకు ఎండ తగలదు. ఎండ లేకపోతే చిన్న మొక్క లేవదు. ఆకులన్నీ ఆకాశంలో, జింకేమో నేల మీద! అటక నిండా సరుకులుండి, నిచ్చెన లేని ఇల్లులాంటిది ఆ అడవి.

అందుకని తోపు మొత్తం ఒక్కసారి కొట్టకుండా, కొద్దిపాటి మడులుగా చేసుకుని, కొన్నేళ్లకొక మడి చొప్పున కొడతారు. ఆస్పెన్ లాంటి చెట్టును కొడితే దాని వేళ్లలోంచి వందల పిలకలు పైకి వస్తాయి. రెండు మూడేళ్లకు అది జింకలకు పళ్లెంలో వడ్డించిన భోజనం. అది ఎదిగి అందనంత ఎత్తుకు వెళ్లేసరికి పక్క మడి కొట్టే వేళవుతుంది. చలికాలంలో కలప కొట్టి, కొమ్మలూ రెమ్మలూ అక్కడే వదిలేస్తే రంపం చప్పుడు ఆగీ ఆగకముందే జింకలు చేరతాయి.

ఓక్ చెట్ల సంగతి వేరు. శరత్కాలంలో రాలే ఓక్ కాయలు తినే జింకలు చలికాలానికి కొవ్వు పట్టించుకుంటాయి. కాబట్టి మంచి ఓక్‌ను ఉంచి, దాని తలకు అడ్డొచ్చే పక్క చెట్లను కొడతారు. తల విప్పుకున్న చెట్టు ఎక్కువ కాస్తుంది. ఇక హెమ్లాక్, సెడార్ లాంటి ఏడాది పొడుగునా ఆకులుండే చెట్లు కొన్ని గుంపుగా ఉండాలి. మంచు తుపాను వేళ జింకలకు అవే దుప్పటి. తొర్ర చెట్టు పనికిరాదని కొట్టేయకూడదు. జింకకు కాకపోయినా గుడ్లగూబకు, ఉడుతకు అదే ఇల్లు. ఆవుల్ని తోపులోకి తోలకూడదు. అవి లేత మొక్కను ఒక్కటీ మిగల్చవు.

ఇలా చేస్తే రైతుకు కలప డబ్బులూ వస్తాయి, పొయ్యిలోకి కట్టెలూ వస్తాయి, జింకకు మేతా దొరుకుతుంది. పొలం, పొద, అడవి కలిసే అంచుల్లో జంతువులు ఎక్కువగా ఉంటాయని లియోపోల్డ్ గమనించి రాశారు. అయితే ఈ అంచులు అందరికీ మంచివి కావని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అడవి నడిగర్భంలో గూడు కట్టుకునే పిట్టలకు అవి చేటు తెస్తాయి. కాబట్టి ఎక్కడ కొట్టాలన్నదే కాదు, ఎక్కడ అస్సలు ముట్టుకోకూడదన్నదీ ఈనాటి అటవీ నిపుణులు చూసుకుంటారు.

కోళ్ల గూడే విడిది ఇల్లు

ఊరికే పుస్తకాలు రాసి పక్కవాళ్లకు చెబితే సరిపోతుందా? 1935లో బరాబూ దగ్గర విస్కాన్సిన్ నది ఒడ్డున సుమారు 80 ఎకరాల పాడుపడ్డ పొలం కొన్నారు లియోపోల్డ్. ఇసక నేల. సారం పీల్చేసి వదిలేసిన భూమి. ఇల్లు ఎప్పుడో కాలిపోయింది. మిగిలింది ఒక్క కోళ్ల గూడు!

ఆ గూడును చూసినప్పుడు ఎస్టెల్లాకు ఏమనిపించిందో మనం ఊహించుకోవచ్చు. పెద్దింటి ఆడపడుచు, ప్రొఫెసరుగారి భార్య... అయినా ఆమె, పిల్లలు కలిసి పెంట ఎత్తిపోశారు. గోడలకు సున్నం వేశారు. పొయ్యి కట్టారు, పడకలు చేశారు. వారం చివర్లన్నీ అక్కడే. రాత్రయితే పొయ్యి దగ్గర గిటార్ పట్టుకుని ఎస్టెల్లా పుట్టింటి స్పానిష్ పాటలు పాడుకునేవారు.

ఆ ఏడాదే లియోపోల్డ్ జర్మనీ వెళ్లి మూడు నెలలు అక్కడి అడవులు చూశారు. వరసలు వరసలుగా ఒకే జాతి స్ప్రూస్ చెట్లు. కింద చీకటి. పొద లేదు, పువ్వు లేదు. జింకలేమో లెక్కకు మించి ఉన్నాయి. చలికాలంలో వాటికి మనుషులే మేత పెడుతున్నారు. కొత్త మొక్క నాటితే చుట్టూ కంచె వెయ్యందే బతకదు. కలప కావాలన్న ఆశ జింక తిండిని చంపింది, జింకలు కావాలన్న ఆశ అడవిని చంపింది. రెండింటినీ విడివిడిగా ప్రేమిస్తే రెండూ పాడవుతాయని ఆయనకు అక్కడ బాగా అర్థమైంది.

తిరిగొచ్చాక 1936 వసంతంలో కుటుంబమంతా పారలు పట్టింది. వేలాది పైన్ మొక్కలు నాటారు. ఆ వేసవిలోనే భయంకరమైన కరువు వచ్చింది. చాలా భాగం ఎండిపోయాయి. మరుసటేడు మళ్లీ నాటారు. ఆ తర్వాతేడు మళ్లీ. మిగిలినవాటి చిగుళ్లను కుందేళ్లు, జింకలు కొరికేవి. ఏళ్ల తరబడి నాటిన మొక్కలు పదివేలు దాటి ఎక్కడికో వెళ్లాయి. ఒకవైపు నాటడం, ఇంకోవైపు కొట్టడం. పిడుగు పడ్డ ఓక్‌ను, తెగులు పట్టిన చెట్టును కట్టెలు కొట్టుకునేవారు. ఏ చెట్టు మీద గొడ్డలి వెయ్యాలో నిర్ణయించుకునేటప్పుడు మనిషి తన నేల మీద తన సంతకం పెడుతున్నట్టే అన్నది ఆయన నమ్మకం.

1943... తిట్ల వాన

ఇంతలో విస్కాన్సిన్ ఉత్తరాన పెద్ద చిక్కు వచ్చిపడింది. పాత అడవులు కొట్టేశాక లేత చెట్లు దట్టంగా లేచాయి. తోడేళ్లు దాదాపు లేకుండా పోయాయి. చట్టం మగ జింకలనే వేటాడనిచ్చేది. దాంతో జింకలు విపరీతంగా పెరిగాయి. మంచు దట్టంగా పడినప్పుడు అవి గుంపులుగా చేరే చోట్లకు లియోపోల్డ్ బృందం వెళ్లి చూసింది. అందే కొమ్మలన్నీ కొరికేసి ఉన్నాయి. సెడార్ చెట్లు గొడుగుల్లా నిలబడ్డాయి. కింద ఖాళీ, పైన ఆకు. పెద్ద జింకలు మెడ చాచి ఎలాగో బతుకుతున్నాయి. మెడ అందని పిల్లలు మాత్రం మంచులో చచ్చి పడివున్నాయి.

ప్రభుత్వం ఎండుగడ్డి వేయించింది. చెట్ల కొమ్మలకు అలవాటుపడిన జింక పొట్టకు అది సరిగా అరగదు. కడుపు నిండా గడ్డితో కూడా జింక ఆకలితో చచ్చిపోగలదు. పైగా ఎక్కువ జింకలు బతికితే మరుసటేడు ఇంకా ఎక్కువ నోళ్లు!

పౌరుల జింకల కమిటీకి అధ్యక్షుడిగా ఉన్న లియోపోల్డ్ ఒక్కటే దారి అన్నారు. ఆడ జింకల సంఖ్య కూడా తగ్గించాలి. 1943లో ఆయన రాష్ట్ర పరిరక్షణ కమిషన్‌లో సభ్యుడయ్యారు. ఆ శరత్కాలంలో కొమ్ముల్లేని జింకల వేటకు కూడా అనుమతి ఇచ్చారు. దాదాపు 1,28,000 జింకలు పోయాయి.

ఊరూరా మంటలు లేచాయి. ఆడ జింకను, పిల్లను చంపిస్తారా అని జనం మండిపడ్డారు. ఆ ఏడు జరిగినదాన్ని నేరమనే పిలిచారు. జింకల్ని కాపాడతామంటూ ప్రత్యేకంగా ఒక పత్రిక పుట్టుకొచ్చి ఆయన్ను దుమ్మెత్తిపోసింది. జంతువుల కోసం జీవితం ధారపోసిన మనిషికి జింకల హంతకుడన్న పేరు! ఆయన ఎవరినీ తిరిగి తిట్టలేదు. సమావేశాలకు వెళ్లడం, లెక్కలు చూపడం, విద్యార్థుల్ని అడవికి తీసుకెళ్లి చూపించడం... అదే పని. ఆ తర్వాత కొన్నేళ్లు ప్రభుత్వం భయపడి వెనక్కి తగ్గింది. 1949లో మళ్లీ ఆయన చెప్పిన దారికే వచ్చింది. చూడటానికి ఆయన మాత్రం లేరు.

మనకు ఈ వేట మాట చెవికి ఇంపుగా ఉండదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన దేశంలో జింకను వేటాడటం నేరం. మన అడవుల సంగతి వేరు. మనకింకా పులులున్నాయి, చిరుతలున్నాయి, అడవి కుక్కలున్నాయి. జింకల లెక్క అవి చూసుకుంటాయి. లియోపోల్డ్ చివరికి తెలుసుకున్నదీ అదే కదా! తోడేలును చంపిన చోట దాని పని మనిషి నెత్తిన వేసుకోవాల్సి వస్తుంది. అంత చక్కగా మనిషి చెయ్యలేడు.

పక్కింటి పొలంలో మంట

చాలా ఏళ్లుగా రాసుకున్న వ్యాసాలన్నీ కలిపి పుస్తకం వెయ్యాలని లియోపోల్డ్ కోరిక. ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు తిప్పిపంపారు. చివరికి 1948 ఏప్రిల్ 14న ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వాళ్లు వేస్తామని ఫోన్ చేశారు. ఆ ఆనందంలోనే భార్య, చిన్నకూతురితో కలిసి కోళ్ల గూడు ఇంటికి వెళ్లారు.

ఏప్రిల్ 21 ఉదయం పక్క రైతు పొలంలో గడ్డి అంటుకుంది. గాలి తమ పైన్ తోపు వైపే వీస్తోంది. చీపుళ్లు, బకెట్లు, చేతి పంపు తీసుకుని ముగ్గురూ పరిగెత్తారు. మంట ఆర్పుతుండగానే లియోపోల్డ్ గుండె ఆగిపోయింది. అప్పటికి ఆయన వయసు 61. పుట్టిన ఊరు బర్లింగ్టన్‌లోనే ఖననం చేశారు.

పుస్తకాన్ని కొడుకు లూనా దగ్గరుండి పూర్తిచేయించాడు. 1949లో ‘ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్’ పేరుతో వచ్చింది. మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1970 ప్రాంతంలో పర్యావరణ ఉద్యమం ఊపందుకున్నాక ఇంటింటికీ చేరింది. ఇప్పటికి 20 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. నేల, నీరు, మొక్క, జంతువు అన్నీ మన కుటుంబంలోవే, వాటిపట్ల మనకు బాధ్యత ఉంది అన్నదే అందులోని సారం.

కూతుళ్లు నిలబెట్టిన ఇల్లు

ఎస్టెల్లా 1975 దాకా బతికారు. పిల్లలు ఐదుగురూ నేలనూ, నీటినీ, మొక్కనూ, జంతువునూ చదివే వాళ్లే అయ్యారు. అందులో స్టార్కర్, లూనా, చిన్న ఎస్టెల్లా ముగ్గురూ అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యారు. ఒకే ఇంట్లో ముగ్గురు!

చిన్న ఎస్టెల్లా పురాతన పుప్పొడిని పరిశోధించే శాస్త్రవేత్త. కొలరాడోలోని ఫ్లోరిసెంట్ శిలాజాల నేలను బుల్డోజర్ల బారిన పడకుండా కాపాడటానికి పోరాడారు. 1969లో అది జాతీయ స్మారక ప్రాంతమైంది. 97 ఏళ్ల వయసులో 2024లో ఆమె కన్నుమూశారు. నీనా అయితే 1976లో భర్తతో కలిసి తండ్రి పొలం దగ్గరికే వచ్చేశారు. ఏ పువ్వు ఏ రోజు పూసింది, ఏ పక్షి ఏ రోజు వచ్చింది అని తండ్రి రాసుకున్నట్టే తనూ రాయడం మొదలుపెట్టారు. తండ్రి లెక్కలూ తన లెక్కలూ పక్కపక్కన పెట్టి, వసంతం ముందే వచ్చేస్తోందని 1999లో తోటి పరిశోధకులతో కలిసి వ్యాసం ప్రచురించారు. వాతావరణం మారుతోందనడానికి ఒక కూతురి డైరీ సాక్ష్యమైంది. నీనా 2011లో పోయారు.

మరి ఆ పైన్ చెట్లేమయ్యాయి? పెరిగి, ఒకదాన్నొకటి తోసుకునేంత దట్టమయ్యాయి. 1982లో ఆ పిల్లలు పెట్టిన ఆల్డో లియోపోల్డ్ ఫౌండేషన్ వాటిని అలా వదిలేయలేదు. ఆయన నేర్పినట్టే అదనపు చెట్లను కొట్టి, మిగతావాటికి వెలుతురు ఇచ్చింది. ఆ కొట్టిన కలపతోనే 2007లో లియోపోల్డ్ పేరిట ఒక కేంద్రం కట్టారు. కరువులో ఎండిపోతూ, జింకలు కొరికినా బతికి బట్టకట్టిన ఆ మొక్కలే ఇవాళ ఆ ఇంటికి దూలాలు. మిగిలిన చెట్ల కింద నేల మీద ఎండ పడుతోంది. లేత మొక్కలు లేస్తున్నాయి. జింకలు వస్తున్నాయి.

నాటినవాళ్లకు నరికే హక్కు ఉంటుంది. నరికినవాళ్లకు మళ్లీ నాటే బాధ్యత ఉంటుంది. ఎప్పుడు ఏది చెయ్యాలో తెలుసుకోవడానికి మాత్రం ఒక జీవితకాలం నేలవంక చూడాలి. లియోపోల్డ్ దంపతులు, వాళ్ల పిల్లలు అదే చేశారు.